పెద్దల కంప్యూటరు, పిల్లల బాధ్యత

(రామయ్యపట్నంలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ ఊళ్లోనే పుట్టాను. ప్రస్తుతం బరంపురంలో కంప్యూటర్ల మరమ్మతు, చిన్న ఆఫీసులకు నెట్‌వర్కులు అమర్చే పని చేస్తున్నాను. ఇటువంటి సభల్లో బాగా చదువుకోండి, పైకి రండి అని చెప్పడం ఆనవాయితీ. ఆ మాట చెప్పడానికి నాకంటే అర్హులు ఇక్కడ చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన పని ఒక్కటే చెప్పి నా స్థానంలో కూర్చుంటాను. ఇంట్లో నాన్నగారో, తాతగారో, పెదనాన్నగారో వాడుకునే కంప్యూటరులోని ఫైళ్లకు, ఇంట్లోనే ఉన్న ఇంకో కంప్యూటరులో ప్రతిరోజూ దానంతట అదే నకలు తయారయ్యేటట్టు ఎలా చేయాలో చెబుతాను. దీన్నే బ్యాకప్ అంటారు. ఇందులో పెద్ద చదువు అవసరం లేదు. ఓపిక, క్రమం ఉంటే చాలు.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానంటే, ఉపకార వేతనం మార్కులతోపాటు కాగితాల మీద కూడా ఆధారపడి ఉంటుంది. మార్కులు మీరు తెచ్చుకుంటారు. కాగితాలు కాపాడేది ఇల్లు.

కాగితం తడిసిన ఊళ్లు

మన తీరం సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. 1999 అక్టోబరు 17న గోపాలపూర్ దగ్గర ఒక తుపాను తీరం దాటింది. అదే నెల 29న మహా తుపాను ఒడిశా ఉత్తర తీరాన్ని ముంచింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే, గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన గాలితో తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం తాకి, గంజాం, గజపతి జిల్లాలను వరదలో ముంచింది. ఇవి కాక, ఏటేటా ఒడ్డు కోసుకుపోయే బాధ ఒకటి. పోడంపేట ఇళ్లను సముద్రం ఎలా తీసుకుపోయిందో మన జిల్లాలో అందరికీ తెలుసు.

ఫైలిన్ సమయంలో ఒడిశా, ఆంధ్ర తీరాల్లో దాదాపు పది లక్షలమందిని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. అందువల్లనే అంత పెద్ద తుపానులో ప్రాణనష్టం తక్కువగా జరిగింది. మనుషులు బతికారు. ట్రంకు పెట్టెలో ఉన్న కాగితాలు మాత్రం తడిశాయి. పదో తరగతి మార్కుల పత్రం, కుల ధ్రువపత్రం, పడవ రిజిస్ట్రేషను, బ్యాంకు పుస్తకం ముద్దయిపోయాయి. ఎండబెట్టి విడదీస్తే సిరా అలుక్కుపోయింది.

మా పెదనాన్నగారు తెలుగు మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఫైలిన్ తరువాతి సంవత్సరం ఆయన ఒక స్కానరు కొన్నారు. ఊళ్లో ఎవరైనా ఏదైనా కాగితం పట్టుకుని దరఖాస్తు రాయించుకోవడానికి వస్తే, ముందు దాన్ని స్కాన్ చేసి, ఇంటిపేరుతో ఒక ఫోల్డరులో పెట్టేవారు. తరువాతే దరఖాస్తు రాసేవారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ కంప్యూటరు ఆయన ఒక్కరిది కాకుండా పోయింది. ఊళ్లో సగం ఇళ్ల పెట్టెలు అందులో ఉన్నాయి.

మన ఊరివాళ్లకి కాగితాల బెడద ఇంకొంచెం ఎక్కువ. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధాని నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. అప్పటినుంచీ మన పేర్లు తెలుగులో పలుకుతాం, ఒడియాలో రాస్తారు, ఇంగ్లీషులో టైపు చేస్తారు. ఒడియా రాతలో మన ‘వ’ చాలాచోట్ల ‘బ’ అవుతుంది. వీరాస్వామి అనే పేరు ఒడియాలో రాసి అక్కడినుంచి ఇంగ్లీషులోకి తెస్తే బీరాస్వామి అవుతుంది. తండ్రి పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలాగ, కుల ధ్రువపత్రంలో ఒకలాగ ఉంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. అప్పుడు ఆధారం ఏమిటి? ఎప్పుడో రాయించిన అఫిడవిట్టు, పాత బడి టీసీ. అటువంటి కాగితం ఎక్కడ ఉందో ఆ ఇంటివాళ్లకే గుర్తుండదు. మా పెదనాన్నగారి కంప్యూటరులో ఉండేది.

ఒక్కచోట ఉన్నది ఉన్నట్టు కాదు

కంప్యూటరులో ఉంటే భద్రంగా ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు. పాత రకం హార్డ్ డిస్కు లోపల పళ్లేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతాయి. వాటి మీద వెంట్రుకలో వందోవంతు ఎడం కూడా లేకుండా ఒక చేయి కదులుతూ చదువుతుంది. కరెంటు ఉన్నట్టుండి పోయి వస్తే, దుమ్ము పేరుకుని వేడెక్కితే, కింద పడితే అది పాడవుతుంది. మన ఒడ్డున ఉప్పుగాలి కూడా తోడవుతుంది. ఇనప గజాలను తినే గాలి, కంప్యూటరులోని సన్నటి రాగి తీగలను వదులుతుందా? కొత్త రకం డిస్కుల్లో తిరిగే భాగాలు లేవు. అయితే అవి చెడిపోయేటప్పుడు తరచు ఏ చప్పుడూ, హెచ్చరికా లేకుండా చెడిపోతాయి.

నకలు తీసి వేర్వేరు చోట్ల ఉంచడం మనకి కొత్త విద్య ఏమీ కాదు. తాటాకు గ్రంథాలు చెదలు తిని, చెమ్మ పట్టి పోయేవి. అందుకే తరానికొకసారి కొత్త ఆకుల మీద మళ్లీ రాసుకునేవారు. ఒక ఇంట్లో పోయిన ప్రతి ఇంకో ఇంట్లో మిగిలేది. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను పెట్టి చేయించిన పని అదే. ఊరూరా ప్రతులు సేకరించి, ఒకదానితో ఒకటి సరిచూసి, శుద్ధ ప్రతులు రాయించాడు. ఒకే ప్రతి ఉన్న గ్రంథం అదృష్టం మీద బతికినట్టు, నాలుగు ప్రతులున్న గ్రంథం ధీమాగా బతికినట్టు.

పెద్ద సంస్థలకూ ఈ పాఠం తప్పలేదు. 1998లో అమెరికాలో పిక్సార్ అనే బొమ్మల సినిమా సంస్థ ‘టాయ్ స్టోరీ 2’ తీస్తుండగా, పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞతో సినిమా ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ ఉందని తెరిచి చూస్తే అది సరిగా పనిచేయడం లేదని తేలింది. గాలిన్ సుస్‌మన్ అనే సాంకేతిక దర్శకురాలికి అప్పట్లో పసిబిడ్డ ఉండడంవల్ల ఇంటినుంచి పనిచేస్తున్నారు. ఆమె ఇంటి కంప్యూటరులో ఉన్న నకలే ఆ సినిమాని చాలావరకు నిలబెట్టింది. అంత పెద్ద సంస్థకి కూడా అక్కరకు వచ్చింది ఇంట్లో ఉన్న నకలే.

ముందు అనుమతి, తరువాత తీగ

2016లో నేను పెదనాన్నగారి కంప్యూటరుకి బ్యాకప్ పెడతానన్నప్పుడు ఆయన మొదట ఒప్పుకోలేదు. “ఊరివాళ్లు నన్ను నమ్మి ఇచ్చిన కాగితాలురా ఇవి. నా పెట్టె తాళం నీ చేతికి ఎలా ఇవ్వమంటావు?” అన్నారు. ఆయన అన్నది న్యాయం. “పెదనాన్నగారూ, తాళం మీ దగ్గరే ఉంటుంది. మీ పెట్టెకి ఇంకో పెట్టె చేస్తాను, దాని తాళం కూడా మీ దగ్గరే ఉంటుంది” అని చెప్పి, డిస్కుకి పెట్టే రహస్య సంకేతం ఆయన చేతే టైపు చేయించాను. దాన్ని ఆయన ఒక కాగితం మీద రాసి, బీరువాలో పెద్దమ్మ నగల పెట్టెలో దాచారు.

విద్యార్థులకు ఇక్కడ ఒక మనవి. మీకు కంప్యూటరు వచ్చు, పెద్దలకు రాదు. అంతమాత్రాన వారి ఫైళ్లు తెరిచి చూసే హక్కు మనకి రాదు. ఏయే ఫోల్డర్లకు నకలు తీయాలో వారినే అడగండి. ఏది వద్దంటారో అది వదిలేయండి. అడగకుండా చేసిన సాయం పెద్దలకి నిఘాలాగ కనిపిస్తుంది.

అనుమతి వచ్చాక ఒక జాబితా రాసుకోవాలి. ఫైళ్లన్నీ ఒకచోట ఉండవు. కొన్ని డెస్క్‌టాపు మీద, కొన్ని డాక్యుమెంట్సులో, కొన్ని డౌన్‌లోడ్సులో, మరికొన్ని డి డ్రైవులో ఉంటాయి. పెద్దలు ఏ ఫైలు ఎక్కడ దాస్తారో తెలియాలంటే వారు పనిచేసేటప్పుడు పక్కన అరగంట కూర్చోవాలి. ఫోనులోని ఫోటోలను కూడా మరిచిపోకూడదు.

తెలుగువాళ్లు తప్పక చూసుకోవలసింది ఇంకొకటి ఉంది. పాత రోజుల్లో తెలుగు టైపింగు చాలావరకు పేజ్‌మేకరులో, అను వంటి ఫాంట్లతో జరిగేది. ఆ ఫైళ్లకు నకలు తీసి వేరే కంప్యూటరులో తెరిస్తే, ఆ ఫాంటు అక్కడ లేకపోతే తెలుగుకి బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు, చదివే అక్షరం లేదు. పెదనాన్నగారి పాఠాలు, ఊరి పెద్దలు చెప్పగా ఆయన రాసుకున్న వేట కబుర్లు అన్నీ ఆ రకంవే. కాబట్టి ఫైలుతోపాటు ఫాంటును, ఆ సాఫ్టువేరును కూడా దాచాలి. అంతకంటే మేలు, ప్రతి ముఖ్యమైన రచనను ఒకసారి పీడీఎఫ్‌గాను, ఒకసారి యూనికోడ్‌లోకి మార్చి కూడా ఉంచడం. యూనికోడ్ తెలుగును ఇప్పటి కంప్యూటర్లలో, స్మార్ట్ ఫోన్లలో దాదాపు అన్నిటిలోనూ చదవవచ్చు.

అమర్చే విధానం

ఇప్పుడు పని చెబుతాను. ఇంట్లో రౌటరు ఉంటుంది. దానికి పెద్దల కంప్యూటరు, మీ కంప్యూటరు రెండూ కలిపి ఉంటే అదే ఇంటి నెట్‌వర్కు. ఒక సంగతి చాలామందికి తెలియదు. ఇంటర్నెట్ ఆగిపోయినా, డబ్బు కట్టకపోయినా, రౌటరుకి కరెంటు ఉన్నంతసేపు ఇంట్లోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. తుపాను తరువాత జనరేటరు మీద కూడా ఈ పని నడుస్తుంది.

మొదటి నకలు పెద్దది కాబట్టి తీగ వాడండి. మామూలు 100 మెగాబిట్ల తీగ మీద సెకనుకి సుమారు 11 మెగాబైట్లు వెళతాయి. 100 గిగాబైట్ల ఫైళ్లకు రెండున్నర గంటలు పడుతుంది. రెండు కంప్యూటర్లు, రౌటరు గిగాబిట్ రకం అయితే పావుగంటలో అవుతుంది. పాత వైఫై మీద సెకనుకి నాలుగు మెగాబైట్లే వస్తే ఏడు గంటలు. అదే 100 గిగాబైట్లను సెకనుకి 10 మెగాబిట్ల ఇంటర్నెట్ మీద బయటికి పంపాలంటే, అంతరాయం లేకపోయినా 22 గంటలు దాటుతుంది. ఇంటి నెట్‌వర్కు వల్ల లాభం ఇదే. మొదటిసారి అయ్యాక రోజూ మారిన ఫైళ్లు మాత్రమే వెళతాయి కాబట్టి, వైఫై మీదైనా నిమిషాల్లో ముగుస్తుంది.

నకలు రెండు పద్ధతుల్లో తీయవచ్చు. పెద్దల కంప్యూటరు తన ఫైళ్లను మన కంప్యూటరులోకి తోయడం ఒకటి. మన కంప్యూటరు వెళ్లి వారి ఫైళ్లను తెచ్చుకోవడం రెండోది. నేను రెండోదాన్నే ఇష్టపడతాను. మొదటి పద్ధతిలో పెద్దల కంప్యూటరుకి మన డిస్కులో రాసే అధికారం ఉంటుంది. ఆ కంప్యూటరుకి వైరస్ సోకితే అది అదే దారిలో వచ్చి నకలును కూడా పాడుచేయగలదు. రెండో పద్ధతిలో ఆ దారి ఉండదు.

2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకి నెట్‌వర్కులోనే పాకింది. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత విధానం, అంటే ఎస్‌ఎంబీ ఒకటో వెర్షన్‌లోని లోపం దానికి దారి ఇచ్చింది. అందుచేత ఇంట్లో ఆ పాత విధానాన్ని ఆపివేయండి, విండోస్ అప్‌డేట్లు తెప్పించుకోండి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని కూడా గుర్తుంచుకోండి.

పెద్దల కంప్యూటరులో బ్యాకప్ కోసం వేరే యూజరు ఖాతా ఒకటి తెరవండి. దానికి పాస్‌వర్డు పెట్టి, ఎంచుకున్న ఫోల్డర్లను చదివే అధికారం మాత్రమే ఇవ్వండి. రాసే అధికారం, చెరిపే అధికారం ఇవ్వకండి. రౌటరులో ఆ కంప్యూటరుకి చిరునామా మారకుండా స్థిరం చేయండి. లేకపోతే ఒకరోజు చిరునామా మారి నకలు ఆగిపోతుంది.

తెచ్చుకునే పనికి డబ్బు పెట్టి సాఫ్టువేరు కొననక్కరలేదు. విండోస్ విస్టా నుంచి రోబోకాపీ అనే ఆజ్ఞ విండోస్‌తోనే వస్తోంది. లినక్స్ వాడేవారికి ఆర్‌సింక్ ఉంది. దీన్ని 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరస్ తయారుచేశారు. ఫైలులో మారిన భాగాన్ని మాత్రమే పంపడం దాని గొప్పతనం. రోబోకాపీలో అద్దంలాగ నకలు తీసే ఒక పద్ధతి ఉంది. అక్కడ చెరిపినది ఇక్కడ కూడా చెరిగిపోతుంది. అది ఒక్కటే నమ్ముకుంటే, పెద్దలు పొరపాటున చెరిపిన ఫైలు మర్నాటికి నకలులో కూడా ఉండదు. అందుకని తేదీల వారీగా పాత ప్రతులు ఉంచే ఏర్పాటు చేయండి. వారానికొకటి చొప్పున ఎనిమిది, నెలకొకటి చొప్పున పన్నెండు ఉంచితే ఇంటికి సరిపోతుంది.

గూగుల్ డ్రైవు, వన్‌డ్రైవు వంటివాటికీ ఈ మాట వర్తిస్తుంది. అవి ప్రధానంగా రెండుచోట్లా ఒకేలాగ ఉంచే పని చేస్తాయి. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. గూగుల్ డ్రైవు చెత్తబుట్టలో అది 30 రోజులే ఉంటుంది. రెండేళ్లపాటు వాడని ఖాతాలను తొలగించవచ్చునని గూగుల్ 2023లో ప్రకటించింది. తాతగారు కాలం చేశాక ఆయన ఖాతాను ఎవరూ తెరవకపోతే ఏమవుతుందో ఆలోచించండి. 2015లో వచ్చిన డిజిలాకరు మంచి సదుపాయం. బోర్డులు, ప్రభుత్వ శాఖలు అందులో నేరుగా జారీచేసిన పత్రాలు అసలు పత్రాలతో సమానం. విద్యార్థులందరూ తెరుచుకోండి. అయితే పాత టీసీ, చేతిరాత అఫిడవిట్టు, మామ్మ ఫోటో ఏ శాఖా జారీచేయదు. అవి మనమే దాచుకోవాలి.

సమయం కూడా ముఖ్యమే. ఆఫీసుల్లో బ్యాకప్ అర్ధరాత్రి పెడతారు. ఇంట్లో పెద్దలు రాత్రి కంప్యూటరు ఆపి, స్విచ్చి కూడా తీసేసి పడుకుంటారు. వారి అలవాటు మార్చవద్దు, మన సమయం మార్చుకుందాం. పెదనాన్నగారు మధ్యాహ్నం ఒంటిగంటకి ఫైళ్లన్నీ మూసి భోజనానికి లేస్తారు, కంప్యూటరు మాత్రం నడుస్తుంటుంది. తెరిచి ఉన్న ఫైలుకి ఒక్కొక్కసారి నకలు రాదు కాబట్టి ఆ ముప్పావుగంటే మాకు అనువైన వేళ. ఆయనకు ఏ బొత్తామూ నొక్కే పని లేదు.

ఇంటి బయట ఒకటి

ఒకే ఇంట్లో రెండు కంప్యూటర్లుంటే డిస్కు చెడిపోయినా తట్టుకోవచ్చు. ఇల్లే మునిగితే? అందుకని మూడు, రెండు, ఒకటి అనే సూత్రం చెబుతారు. అసలుతో కలిపి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి ఇంటి బయట. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫరు తన పుస్తకంలో రాసిన తరువాత ఇది ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది.

మేము బయటి డిస్కులు రెండు పెట్టుకున్నాం. ఒకటి ఇక్కడి కంప్యూటరుకి తగిలించి ఉంటుంది, రెండోది బరంపురంలో మా ఇంట్లో ఉంటుంది. నెలకొకసారి నేను ఊరికి వచ్చినప్పుడు మార్చుకుంటాం. బరంపురంలో ఉన్నది ఏ తీగకీ తగిలించి ఉండదు కాబట్టి వైరస్‌కి, పిడుగుకి, పొరపాటు చేతికి అందదు. దారిలో పోయినా ఎవరూ చదవకుండా వెరాక్రిప్ట్ అనే ఉచిత సాఫ్టువేరుతో తాళం వేసి ఉంటుంది. ఊరివాళ్ల ఆధార్ నకళ్లు అందులో ఉన్నాయి మరి.

తెరిచి చూసిందే నకలు

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. నకలు తీశాం అనుకోవడం వేరు, నకలు నుంచి తిరిగి తెచ్చుకోవడం వేరు. పెదనాన్నగారి మనవరాలు అప్పట్లో ప్లస్ టూ చదువుతుండేది. నెలలో మొదటి ఆదివారం ఆ అమ్మాయి తాతగారిని మూడు ఫైళ్ల పేర్లు చెప్పమనేది. ఆ మూడింటినీ నకలు నుంచి తెచ్చి, ఆయన ముందే తెరిచి చూపించేది. ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి ఆయన చేత సంతకం పెట్టించేది. పది నిమిషాల పని.

2022 వానాకాలంలో, డిగ్రీలో చేరిన ఒక అమ్మాయి ఉపకార వేతనం దరఖాస్తు వెనక్కి వచ్చింది. తండ్రి పేరులో నేను ఇందాక చెప్పిన ‘వ’, ‘బ’ తేడా. సరిచేసి పంపడానికి మూడు రోజులు గడువు. తండ్రి వేటకి వేరే రాష్ట్రం వెళ్లి ఉన్నాడు. పేరు గురించి ఆయన ఎప్పుడో రాయించిన అఫిడవిట్టు అసలు ప్రతి ఇంట్లో దొరకలేదు. తల్లి పెదనాన్నగారి దగ్గరకు వచ్చింది. కంప్యూటరు తెరవబోతే డిస్కు టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. అంతకు ముందురోజు రాత్రి కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది.

నేను ఆ రోజు బరంపురంలో పనిలో ఉన్నాను. ఫోను వచ్చేసరికి ఆ మనవరాలు పని సగం చేసేసింది. మేడమీది కంప్యూటరులో ముందురోజు మధ్యాహ్నం తీసిన నకలు ఉంది. అందులో ఆ ఇంటిపేరు ఫోల్డరు తెరిచి, అఫిడవిట్టు, తండ్రి పాత టీసీ రెండూ ప్రింటు తీసి ఇచ్చింది. ఆ సాయంత్రమే దరఖాస్తు వెళ్లింది. మరుసటి ఆదివారం నేను వచ్చి కొత్త డిస్కు వేశాను. ఊరి కాగితాలన్నీ రెండు గంటల్లో తిరిగి పెదనాన్నగారి బల్ల మీదికి వచ్చాయి. ఆయన కలగజేసుకోకుండా చూసి చివర్లో ఒకటే అడిగారు. “వేట కబుర్లు తెలుగులోనే తెరుచుకుంటున్నాయా?” తెరుచుకున్నాయి. ఫాంటు కూడా దాచి ఉంచాం కదా.

ఆ రోజు పని జరిగింది నా తెలివివల్ల కాదు. నెలనెలా తెరిచి చూసిన ఆ అమ్మాయి అలవాటువల్ల జరిగింది. పరీక్షలకు చదివేవాళ్లకు ఇది కొత్త కాదు. ముందు నెలల్లో పునశ్చరణ చేసినవారికి పరీక్ష రోజు కంగారు ఉండదు.

విద్యార్థులకు, తల్లిదండ్రులకు మనవి

విద్యార్థులారా, మీలో చాలామంది సెలవులకు ఇంటికి వస్తారు. ఈసారి వచ్చినప్పుడు ఒక్క ఆదివారం ఈ పనికి ఇవ్వండి. ఉదయం పెద్దలను అడిగి జాబితా రాయండి. మధ్యాహ్నం తీగతో మొదటి నకలు తీయండి. సాయంత్రం మూడు ఫైళ్లు తెరిచి వారికి చూపించండి. ఇంట్లో రెండో కంప్యూటరు లేకపోతే ఒక బయటి డిస్కుతో మొదలుపెట్టండి. కంప్యూటరే లేనివారు ఫోనులో ఫోటో తీసిన కాగితాలను, అదే ఊళ్లో కాకుండా వేరే ఊళ్లో ఉన్న అక్క దగ్గరో, బావ దగ్గరో కూడా ఉండేటట్టు చూడండి. సూత్రం ఒకటే.

తల్లిదండ్రులారా, పిల్లలు అడిగితే అనుమతి ఇవ్వండి. పాస్‌వర్డు కాగితం మీద రాసి, ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. మనం ఉన్నా లేకపోయినా పిల్లలకు అక్కరకు రావలసినవి అందులో ఉన్నాయి.

మన తీరానికి పెద్ద తుపానులు ఎక్కువగా అక్టోబరులో వచ్చాయి. దానికి ముందు వినాయక చవితి వస్తుంది. ఆ రోజు పుస్తకాలు స్వామి ముందు పెట్టి పూజ చేస్తాం. ఇక మీదట ఆ రోజే బ్యాకప్ డిస్కు తీసి, తెరిచి, సరిచూసి, ఒకటి ఊరు దాటించే ఆచారం పెట్టుకుందాం. వలలు బాగుచేసుకుని, పడవకి తారు పూసుకుని వేటకి సిద్ధమయ్యే ఊరు మనది. ముందు జాగ్రత్త మనకి ఒకరు నేర్పవలసిన విద్య కాదు.

ఈ రోజు ఉపకార వేతనం అందుకున్న ప్రతి ఒక్కరికీ అభినందనలు. ఇంటికి వెళ్లాక ఆ మంజూరు పత్రానికి కూడా ఒక నకలు తీసి ఉంచండి. వచ్చే సంవత్సరం రెన్యువలుకి అడుగుతారు.

 సభ ముగిశాక సందేహాలు ఉన్నవారు నన్ను కలవవచ్చు, ఇక్కడే ఉంటాను. సెలవు.